బూజు గారి సర్వీసు రిజిస్టరు

మా కాలువ కింద ఊళ్లలో వరికి అగ్గితెగులు తెప్పించడంలో నన్ను మించిన మొనగాడు లేడు. గొప్పలు పోతున్నాననుకుంటే మీ ఇష్టం. నలభై ఏళ్లలో నేను పెంచిన తెగులు ఒక్క పంటకైనా రాకుండా పోలేదు. ఊరంతా తెగులు పోవాలని మందు కొడుతుంటే, నేనేమో అది రావాలని నీళ్లు చల్లేవాణ్ణి. ఆకు మీద మొదటి మచ్చ కనబడితే మా వీధిలోవాళ్లు నెత్తిన చెయ్యి పెట్టుకునేవారు. నేను ఇంటికెళ్లి మా ఆవిణ్ణి పరవాన్నం వండమనేవాణ్ణి.

నాకు పిచ్చేమీ లేదు. అదే నా పని. నేలబావిలో వరి తెగుళ్ల పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ తెగులు మడి చూసుకునే కూలీని నేను. గుబ్బల ముత్యాలయ్య అంటారు నన్ను. చదివింది అయిదో తరగతి. ఆ అయిదూ ఒకే గదిలో, ఒకే పంతులు గారి దగ్గర, ఒకే బెత్తంతో చదివాను కాబట్టి గట్టి చదువే.

కొత్త వరి రకం ఏదైనా తయారైతే, అది తెగుల్ని తట్టుకుంటుందా లేదా అని చూడాలి. చూడాలంటే ముందు తెగులంటూ ఉండాలి కదా! అందుకని మడిలో కొత్త రకాలు వరసగా వేసి, చుట్టూ గట్టు వెంట ఒక పాత రకం వేస్తాం. దాన్ని నేను ఏడుపుగొట్టు రకం అంటాను. పక్కవాడు తుమ్మితే దీనికి జబ్బు చేస్తుంది. అదే దాని గొప్పతనం. ఏడుపుగొట్టు చచ్చి, కొత్త రకం నిలబడితే కొత్తది మంచిదన్నమాట. ఏడుపుగొట్టే చావకపోతే అసలు ఆ ఏడు పరీక్షే జరగలేదన్నమాట. ఇంతే శాస్త్రం.

తెగులు పెంచడానికి నా దగ్గర ఒక కిటుకు ఉంది. మీకు చెబుతాను, ఎవరికీ చెప్పకండి. యూరియా రెండింతలు వెయ్యాలి. పైన నీడ పట్టాలి. పొద్దునా సాయంత్రం సన్నటి తుంపర కొట్టాలి. నిరుడు జబ్బు పడ్డ పొలంలోంచి గడ్డి తెచ్చి పక్కన పెట్టాలి. రెండు వారాల్లో ఆకుల మీద నడుమ లావుగా, కొసలు సన్నగా నూలుకండె ఆకారంలో మచ్చలు దిగుతాయి, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. చూడముచ్చటగా ఉంటాయి, మీ పొలం కాకపోతే.

నేను చెప్పబోయే ఏడు, గడ్డి మా బావ సత్తిరాజు పొలంలోది. మా ఆవిడ అన్నగారు. మూడెకరాలు కౌలుకి చేస్తాడు. నిరుడు కంకి పాలుపోసుకునే వేళకి మెడవిరుపు వచ్చి మూడెకరాలూ తెల్లకంకులై నిలబడ్డాయి. అది కూడా ఈ బూజు చేసే పనే. ఆకుని పట్టుకుంటే అగ్గితెగులు, కంకి మెడ పట్టుకుంటే మెడవిరుపు. "ఈసారి కూడా పోతే పొలం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను సత్తిరాజూ, ఏమనుకోకు" అని కామందు కబురు చేశాడు. ఆ పొలం పోతే మా బావకి మిగిలేది తలపాగా ఒక్కటే. అందుకని రాబోయే దాళ్వాకి, అదే రెండో పంటకి, మా కేంద్రం వాళ్లిచ్చే విత్తనం మీదే కళ్లన్నీ పెట్టుకుని కూచున్నాడు.

సరిగ్గా ఆ ఏడే మా కేంద్రానికి కొత్త డైరెక్టరు గారు వచ్చారు.

సచ్చిదానందమూర్తి గారు. అంతకు ముందు ఆయన ఏదో శాఖలో ఉన్నారు. ఏ శాఖో మాకు తెలియదు, అక్కడ కాయితాలు తప్ప ఇంకేమీ పండేవి కావని మాత్రం తెలిసింది. వచ్చిన రోజే ఆవరణంతా తిరిగారు. ఎడ్ల జత ముందు ఆగి, "వీటికి సర్వీసు రిజిస్టరు ఉందా?" అని అడిగారు. మా సూపరింటెండెంటు లింగరాజు గారు తెల్లబోయారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ కేంద్రపు నిధులతో పోషణ పొందుచున్న ప్రతి జీవియు కేంద్రపు సేవలో ఉన్నట్లే పరిగణించబడును. అట్టి ప్రతి జీవికీ సర్వీసు రిజిస్టరు తెరచి, వార్షిక పనితీరు మదింపు చేయవలెను."

ఎడ్లకి రాశారు. గోదాములో పిల్లికి రాశారు, పిల్లి సంతకానికి బదులు పంజా వేసింది, లింగరాజు గారి చేతి మీద. ఆ తర్వాత వంతు బూజుది.

బూజు ఉండేది డాక్టర్ ప్రత్యూష గారి గదిలో. ముప్పై ఏళ్ల పిల్ల, బోలెడు చదువు, గట్టిగా మాట్లాడడం రాదు. అగ్గితెగులు తెచ్చే బూజుని గాజు మూకుళ్లలో ఓట్స్ జావ గడ్డ కట్టించి, దాని మీద పెంచుతుంది. ఆ మూకుళ్లు కడిగే పని కూడా నాదే కాబట్టి అప్పుడు నేను గదిలోనే ఉన్నాను. లింగరాజు గారు పెద్ద పుస్తకం తెరిచి కూచున్నారు.

"పేరు?"

"దీన్ని ఎన్‌బి-14 అంటామండి."

"ఇంటి పేరు ఎన్‌బి. సరే. తండ్రి పేరు?"

"ఇది ఇక్కడ తనంతట తానే పెరుగుతుందండి. తండ్రి అంటూ ఉండడు."

లింగరాజు గారు కలం ఆపారు. "డాక్టరమ్మా, గడి ఖాళీగా వదిలితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది."

ఆ పిల్ల నా వంక చూసింది. నేనన్నాను, "తానే అని రాసుకోండి సార్."

రాసుకున్నారు. 'తండ్రి పేరు: తానే.' పుట్టుమచ్చలు అన్న చోట 'ఒళ్లంతా బూడిద రంగు నూగు' అని రాశారు. స్థానికుడా, స్థానికేతరుడా అన్న చోట కాసేపు ఆలోచించి, గాలికి వచ్చింది కాబట్టి స్థానికేతరుడని రాశారు.

నాకు ఆశ పుట్టింది. "అయ్యా, నలభై ఏళ్లుగా రోజుకూలీ కింద పడున్నాను. నాక్కూడా ఒక రిజిస్టరు తెరవరా?"

"నువ్వు కేంద్రపు నిధులతో పోషణ పొందే జీవివి కాదు ముత్యాలూ. నీది చేసిన పనికి కూలి. నిబంధన వర్తించదు."

"పోనీ, నన్నూ బూజు కింద రాసుకోండి. నాకూ ఒంటి నిండా మట్టే."

"మంజూరైన బూజు ఒక్కటే" అని పుస్తకం మూసేశారు.

నెల తిరిగేసరికి పనితీరు మదింపు సమావేశం పెట్టారు. టీ అందించడానికి నన్ను పిలిచారు. ప్రత్యూష గారు తన పరిశోధన చెప్పింది. జన్యువంటే ఏమిటో నాకు ఆ రోజే బోధపడింది. జీవి ఏయే పనులు ఎలా చెయ్యాలో దాని ఒంట్లోనే రాసి ఉంటుందట. ఆ రాతలో ఒక్కో ముక్క ఒక్కో జన్యువు. ఒకటి పెరగడానికి, ఒకటి విత్తు కట్టడానికి, ఇంకొకటి ఆకుని పొడవడానికి.

"ఈ బూజులో పన్నెండు వేల పైచిలుకు జన్యువులున్నాయి సార్" అంది.

"అంటే మంజూరైన పోస్టులు పన్నెండు వేలు" అన్నారు డైరెక్టరు గారు. లింగరాజు గారు రాసుకున్నారు.

"అన్నీ ఒకేసారి పని చెయ్యవు సార్. కడుపు నిండా తిండి ఉన్నప్పుడు పెరిగే జన్యువులు పని చేస్తాయి. ఆకుని పొడిచే జన్యువులు పడుకునే ఉంటాయి. ఆకు మీద పడి, ఆకలేసినప్పుడు అవి లేస్తాయి."

డైరెక్టరు గారి కళ్లజోడు ముక్కు కొనకి జారింది. "పడుకుంటాయా? కార్యాలయ వేళల్లోనా?"

"అంటే... పనిలో ఉండవు సార్."

"ఎన్ని?"

"పరిస్థితిని బట్టి మారుతూ ఉంటుంది సార్."

"అనగా హాజరు పట్టీ లేదు. ఆకు మీదకి వెళ్తే లేస్తాయంటున్నారు. అది క్షేత్ర పర్యటన. ముందస్తు అనుమతి తీసుకుంటున్నాయా?"

ప్రత్యూష గారు మంచినీళ్లు తాగి, రెండు మూకుళ్లు ముందుకి జరిపింది. "ముఖ్యమైన సంగతి ఇది సార్. ఈ రెండూ ఒకే బూజు. రెండో దాంట్లో పి-9 అనే ఒక్క జన్యువుని పని చెయ్యకుండా ఆపాను. చూడండి, మూకుట్లో ఇది ఇంకా బాగా పెరుగుతోంది. కానీ ఆకు మీద వేస్తే ఏమీ చెయ్యలేదు. పెరగడం వేరు, పొడవడం వేరు. పొలంలో పి-9ని ఆపే మార్గం ఏదో ఒకనాటికి దొరికితే, రైతులకి మందుల బాధ తగ్గుతుంది."

నేను టీ ఒలకబోసుకున్నాను. నలభై ఏళ్లు దాంతో కాపురం చేశాను, దాని గుట్టు ఈ చిన్నపిల్ల పట్టింది.

డైరెక్టరు గారు మాత్రం పై ఆఫీసు పంపిన మదింపు నమూనా తీశారు. అందులో ఒకే ఒక్క గడి ఉంది: వృద్ధి. మొదటి మూకుట్లో బూజుని స్కేలు పెట్టి కొలిపించారు, ఏడు సెంటీమీటర్లు. రెండోది ఎనిమిదిన్నర.

"విషయం స్పష్టం" అన్నారు. "పి-9 అను ఉద్యోగి విధుల్లో ఉన్నచోట వృద్ధి కుంటుపడుచున్నది. లేనిచోట పుంజుకొనుచున్నది. పైగా సదరు ఉద్యోగి పని వేళల్లో నిద్ర, మేల్కొంటే ప్రజల పంటకి నష్టం. ఇట్టి వ్యక్తిని ఇంతకాలం ఎలా ఉపేక్షించారు?"

"వ్యక్తి కాదు సార్, జన్యువు."

"హోదా ఏదైనా క్రమశిక్షణ ఒక్కటే డాక్టర్ గారూ."

పి-9కి సంజాయిషీ నోటీసు వచ్చింది. దాన్ని గాజు మూతకి లోపలివైపు, అక్షరాలు బూజుకి కనబడేలా అంటించారు. "మీ మీద క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినముల లోపల లిఖితపూర్వకముగా తెలుపవలెను." అయిదో రోజుకి బూజు పెరిగి పెరిగి నూగు మూత దాకా వచ్చి నోటీసుని తాకింది. లింగరాజు గారు వెంటనే 'నోటీసు అందుకొనబడినది' అని రాసేశారు. జవాబు మాత్రం రాలేదు. ఎనిమిదో రోజున ఏకపక్షంగా సస్పెన్షన్. నిబంధనల ప్రకారం సస్పెన్షన్లో ఉన్నవారికి సగం జీవనభృతి ఇవ్వాలి. కాబట్టి పి-9 ఉన్న మూకుళ్లకి ఓట్స్ జావ సగం చేశారు. పి-9 లేని బూజుకేమో మంచి నడవడికకి మెచ్చి చక్కెర రెట్టింపు చేశారు. వారం తిరిగేసరికి అది దూది మూటలా ఉబ్బి మూత పైకి లేపింది. దాని ఫోటో తీసి వరండాలో పెట్టారు: 'ఈ నెల ఉత్తమ సేవకుడు.'

ఇంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. నేనూ వరండాలో ఆగి ఆ ఫోటో చూసి నవ్వుకునేవాణ్ణి. అసలు కత ఆ తర్వాతి ఆర్డరుతో మొదలైంది. "ఇకమీదట రకముల పరీక్షలన్నియు క్రమశిక్షణ గల శిలీంధ్రముతోనే జరుపవలెను. ఆవరణలోని అనధికార శిలీంధ్రములను తక్షణమే విధుల నుండి తప్పించవలెను."

అనధికార శిలీంధ్రమంటే నా జబ్బు గడ్డి. ప్రత్యూష గారు పరిగెత్తుకుంటూ డైరెక్టరు గారి గదికి వెళ్లింది. గుమ్మం దగ్గర నేనున్నాను.

"సార్, అది పొడవలేని బూజు. దాంతో పరీక్ష పెడితే అన్ని రకాలూ పాసైపోతాయి."

"పాసవడం తప్పా డాక్టర్ గారూ?"

"తట్టుకోలేని రకం రైతు పొలంలోకి పోతుంది సార్!"

"మన కేంద్రంలో తెగులే లేనప్పుడు మన విత్తనానికి తెగులు ఎక్కడి నుండి వచ్చును? తర్కం ఆలోచించండి."

ఆవిడ ఆలోచించింది. నేనూ ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

గడ్డి కట్టలు గట్టి, ప్రహరీ అవతల పెట్టాను. పరీక్ష జరిగింది. నలభై రకాలు వేస్తే నలభైకి నలభై పచ్చగా నిలబడ్డాయి. గట్టు వెంట వేసిన ఏడుపుగొట్టు కూడా నిలబడింది. నలభై ఏళ్లలో దాన్ని ప్రాణాలతో చూడడం నాకదే మొదటిసారి. బతికి ఉంటే ఏం చెయ్యాలో దానికే తెలియనట్టు కాస్త బిడియంగా ఊగుతోంది.

ప్రత్యూష గారు కాయితం పెట్టింది, 'గట్టు రకానికి తెగులు రాలేదు కాబట్టి ఈ పరీక్ష చెల్లదు' అని. డైరెక్టరు గారు ఆ కాయితం చదివి స్వయంగా మడికి వచ్చారు. బూట్లు తడవకుండా చెక్క మీద నిలబడి చూశారు.

"అన్నిటికన్నా దట్టంగా ఉన్నదేది?"

"గట్టు మీదదండి" అన్నాను. వరసల్లో ఇరుకు లేదు దానికి, గట్టు పక్క నీరంతా దానిదే.

"దాన్ని గట్టున ఎందుకు పెట్టారు? ప్రతిభని అంచున నిలబెట్టడం మన వ్యవస్థలోని లోపం."

"సార్, అది చావడానికి వేసిందండి!"

"చచ్చిందా?"

"లేదండి."

"మరి?"

పదిహేను రోజుల్లో ఏడుపుగొట్టుకి 'నేలబావి విజయ' అని పేరొచ్చింది. 'అగ్గితెగులును సంపూర్ణముగా తట్టుకొను అద్భుత రకం' అని రోడ్డు మీద బోర్డు లేచింది. కమిషనరు గారి చేతుల మీదుగా దాళ్వాకి రైతులకి విత్తనం పంపిణీ అన్నారు. పేర్లు నమోదు చేసుకున్నారు. మొట్టమొదటి పేరు మా బావది.

వాళ్లింటికి పరిగెత్తాను. మా బావ అరుగు మీద కూచుని మోకు పేనుతున్నాడు.

"బావా, ఆ విత్తనం ఒద్దు."

"ఏం బావా, కొత్త రకం వస్తోందంటే నీకు కుళ్లా?"

"అది కొత్తది కాదు బావా, నేను ఏటేటా చంపే రకమే. నలభై ఏళ్లుగా దాన్ని చంపడమే నా పని."

"నీ చేతిలో పడితే ఏది బతికింది గనక! మొన్న నీకిచ్చిన బీర పాదేదీ?"

"బావా, ఒట్టు! నా మాట నమ్ము."

మోకు పక్కన పెట్టాడు. "నమ్మమంటావా? కాలవలో వాలుగ చేప నీ పార మింగేసిందని చెప్పావు, నమ్మాను. పది మందికి చెప్పి నవ్వులపాలయ్యాను. మీ కేంద్రం ఎద్దు ఆవులిస్తే కాలవలో నీళ్లు వెనక్కెళ్తాయన్నావు. ఇప్పుడు కేంద్రం వాళ్లు రోడ్డు మీద బోర్డు పెట్టి, కమిషనరు గారొచ్చి ఇస్తానంటే, అది అబద్ధం, నువ్వు చెప్పేదే నిజమా?"

"ఈ ఒక్కటీ నిజం బావా."

"ఈ పంట పోతే పొలం పోతుంది. నాకు కబుర్లు వద్దు, పంట కావాలి" అని మళ్లీ మోకు అందుకున్నాడు. మా చెల్లెమ్మ లోపలి నుంచి మజ్జిగ తెచ్చింది గానీ తాగబుద్ధి కాలేదు. జీవితంలో మొట్టమొదటిసారి నిజం చెప్పాను, అదీ ఎవరికీ పట్టలేదు. వాలుగ చేప పార మింగలేదు, మీతో అంటే ఏం? నీళ్లలో జారిపోయింది. కానీ అప్పుడు ఆ కత చెప్పకుండా ఉండలేకపోయాను. దాని ఫలం ఇది.

ఇక కమిషనరు గారి రాక కోసం హడావుడి మొదలైంది. ఆయన దిగే చోట, గేటు పక్కనే 'నేలబావి విజయ' ప్రదర్శన మడి వెయ్యమన్నారు. ముదురాకుపచ్చగా కనబడాలి గనక యూరియా రెండింతలు వెయ్యమన్నారు. ఎండకి వాడిపోకుండా పైన ఆకుపచ్చ నీడ గుడ్డ కట్టించారు. నిగనిగలాడాలి గనక పొద్దునా సాయంత్రం సన్న తుంపర కొట్టే గొట్టాలు పెట్టించారు.

నేను ఆ గొట్టం పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ప్రత్యూష గారు పక్కకి వచ్చింది.

"ముత్యాలయ్య గారూ, ఇది..."

"అవునమ్మా. నా తెగులు మడే. బోర్డు ఒక్కటే వాళ్లది."

"చెప్పమంటారా?"

"ఇప్పటికి ఎన్ని కాయితాలు పెట్టావు తల్లీ?"

"నాలుగు."

"ఏమైనాయి?"

"ఫైలు మందంగా ఉందని మెచ్చుకున్నారు" అంది. ఆ ఏడాది ఆ పిల్ల నవ్వగా చూసింది ఆ రోజే.

మర్నాడు లింగరాజు గారు వచ్చారు. "ముత్యాలూ, గేటుకి గడ్డితో తోరణద్వారం కట్టాలి. పల్లె వాతావరణం ఉట్టిపడాలని దొరగారి ఆదేశం. గడ్డుందా?"

"ప్రహరీ అవతల కట్టలున్నాయండి. కానీ అది జబ్బు గడ్డండి."

"జబ్బు సస్పెన్షన్లో ఉంది కదా!"

"ఆ సంగతి గడ్డికి తెలియదండి."

"ఆర్డరు ప్రతి గోడకి అంటించాం. తెలియదంటే కుదరదు. కట్టు."

ఆయ్, చిత్తం అని కట్టాను. మా బావ పొలంలో చచ్చిన గడ్డితో, ఏడుపుగొట్టు రకం నెత్తి మీద, అందమైన తోరణం. రోజూ తుంపర కొట్టాను. రావలసిన రోజున కమిషనరు గారికి వేరే మీటింగు పడింది. ఇంకో వారం ఆగాం. మళ్లీ వాయిదా. మార్గశిరం మంచు మొదలైంది. యూరియా, నీడ, తుంపర, జబ్బు గడ్డి, పైగా మంచు.

పంపిణీకి ముందు రోజు పొద్దున్నే మడి దగ్గరికి వెళ్లి చూద్దును కదా, ఆకు ఆకు మీదా నూలుకండెలు! నా బతుకులో అంత అందమైన తెగులు చూడలేదు. మొదట్లో ఏమన్నాను? ఈ కాలువ కింద తెగులు పెంచడంలో నన్ను మించినవాడు లేడన్నానా? వెనక్కి తీసుకుంటున్నాను. నలభై ఏళ్లలో నా వల్ల కానిది సచ్చిదానందమూర్తి గారు ఆరు వారాల్లో, బూటు తడవకుండా చేసి చూపించారు. ఆ లెక్కన నేను ఆయన ముందు బచ్చాగాణ్ణి. ఇంకో మాట కూడా చెప్పేస్తాను, మొహమాటం దేనికి? నా తెగులు ఏటేటా వచ్చిందంటే కాలువ మీది మంచు వల్లే. నేను చల్లినా వచ్చేది, చల్లకపోయినా వచ్చేది. ఈసారి పరీక్ష మంచు దిగకముందే ముగించారు కాబట్టే ఏడుపుగొట్టు బతికిపోయింది.

డైరెక్టరు గారు వచ్చి చూశారు. మొహంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు. "ఇది తెగులు కాజాలదు."

"అగ్గితెగులే సార్" అంది ప్రత్యూష గారు, ఈసారి గట్టిగానే.

"తెగులు కలిగించు పి-9 సస్పెన్షన్లో ఉన్నది. సస్పెన్షన్లో ఉన్నవారు విధులకు హాజరు కారాదు. కాబట్టి ఇది ఆకుల సహజ వన్నె." ఆ మాటే అట్ట మీద రాయించి మడిలో పాతించారు: 'నేలబావి విజయ - బంగారు వన్నె గల ఆకులు.'

మర్నాడు కమిషనరు గారి కారు వచ్చింది. షామియానా కింద విత్తనం సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. రైతులు యాభై మంది. ముందు వరసలో మా బావ, ఉతికిన పంచె, కొత్త తలపాగా. మొదటి సంచి అతనికే ఇచ్చారు. అతను దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకున్నాడు.

అప్పుడు కమిషనరు గారు కారు దిగి, తోరణం కింద నుంచి నడుస్తూ ప్రదర్శన మడి దగ్గర ఆగారు. ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందని కూడా చూడకుండా మోకాళ్ల మీద బురదలో కూచున్నారు. ఒక ఆకు పట్టుకుని, బొటనవేలితో తుడిచి, వెలుతురుకి పెట్టి చూశారు.

"ఇదేమిటి?"

"సహజ వన్నె" అన్నారు డైరెక్టరు గారు.

"ఈ మచ్చ నాకు తెలుసు. నిరుడు మా మూడెకరాలూ తినేసింది ఇదే."

తుంపర గొట్టం ఒక్కటే చుయ్యిమంటోంది. కమిషనరు గారు లేచి, "ఈ విత్తనం ఎవరూ తీసుకెళ్లొద్దు" అన్నారు. మా బావ సంచి దించి బల్ల మీద పెట్టాడు. వెనక ఉన్నవాళ్లూ పెట్టేశారు. ఆ దాళ్వాకి మా బావ ప్రత్యూష గారు ఏనాడో తన చేత్తో పరీక్షించిన పాత రకం ఒకటి అడిగి తీసుకుని వేశాడు. పంట మునుపటంత కాకపోయినా నిలబడింది. పొలం మా బావ దగ్గరే ఉంది.

కేంద్రంలో విచారణ జరిగింది. తప్పు పి-9దని తేలింది. సస్పెన్షన్లో ఉండగా, అనుమతి లేకుండా, ముఖ్య అతిథి సమక్షంలో విధులకు హాజరైనందుకు దానికి చార్జిషీటు ఇచ్చారు. మూత మీద అంటించారు. జవాబు కోసం చూస్తున్నారు. డైరెక్టరు గారికి పై ఆఫీసు నుంచి ప్రశంస వచ్చింది, గేటు దగ్గర పల్లె వాతావరణం ఉట్టిపడిందని. ప్రత్యూష గారు పి-9 మీద ఇంకా పని చేస్తూనే ఉంది. ఆవిడ మూకుళ్లు నేనింకా కడుగుతూనే ఉన్నాను, రోజుకూలీకే.

ఇందులో కల్పించింది ఎంత అని అడుగుతారు, నాకు తెలుసు. పార మింగిన చేప సంగతి ముందే ఒప్పుకున్నాను, అది ఈ కతలోది కాదు. ఈ కతలో కల్పించింది ఒక్కటే. బూజుకి తండ్రి పేరు రాయడం కాదు. రిజిస్టరు ఇప్పటికీ లింగరాజు గారి బీరువాలో ఉంది, తండ్రి పేరు తానే. నోటీసూ నిజమే, సగం జీవనభృతీ నిజమే, బంగారు వన్నె బోర్డూ నిజమే.

కమిషనరు గారు కారు దిగారన్నాను చూడండి, అది కల్పితం. ఆయన దిగలేదు. చలి గాలి లోపలికొస్తుందని అద్దం సగమే దించి, చెయ్యి ఊపి, ఇంకో ఊళ్లో సభ ఉందని వెళ్లిపోయారు. బురదలో మోకాళ్ల మీద కూచున్నది మా బావ. సంచి భుజాన ఉండగానే గేటు దాటబోతూ ఆకు చూసి ఆగిపోయాడు. ఉతికిన పంచెతో అలాగే కూలబడ్డాడు. ఆ మాటా అతనిదే. మూడెకరాల కౌలు కమిషనర్లకి ఎక్కడిదని మీకు అనుమానమైనా రాలేదా? లేచి నా వంక ఒక్కసారి చూసి, "చేప సంగతి మాత్రం ఇప్పటికీ నమ్మను బావా" అని, సంచి తీసుకెళ్లి బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ తీసుకోవద్దని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. అతను పెట్టాడు, వెనకవాళ్లు పెట్టారు, అంతే.

మరి కమిషనరు గారినెందుకు బురదలో కూచోబెట్టావంటారా? ఒక కౌలు రైతు వంగి ఆకు చూశాడని రాస్తే, రోజూ చూసేదేగా అని పేజీ తిప్పేస్తారు. కమిషనరు వంగి చూశాడంటే ఆశ్చర్యపోయి చివరిదాకా చదువుతారు.

చదివారుగా.